గొంతుల సంతలో పరాసు శెట్టి

రత్నవేల కోట తూర్పు ద్వారం మీద ఎనిమిది కంచు భేరులు ఒక్కసారిగా మోగాయి. రేవులో లంగరు వేసి ఉన్న నూట ఇరవై ఓడల మీద తెరచాపలు గౌరవంగా సగానికి దిగాయి. పొద్దుటి ఎండ పగడపు రంగు గోడల మీదుగా జారి, సభామండపం ముందున్న నలభై స్ఫటిక స్తంభాలలో చిక్కుకుని ఏడు రంగులుగా విడిపోయింది. స్తంభాలకు చుట్టుకున్న బంగారు మకరాల కళ్ళలో కెంపులు నిప్పుకణికల్లా వెలిగాయి. మకరతీర రాజ్యంలో మంత్రిమండలికి కొత్త సభ్యుడు వచ్చే రోజున ఈ వేడుక మామూలే. కానీ ఆనాడు రేవు వీధులలో కిక్కిరిసిన జనం అంతకు ముందు ఏ సభ్యుడి కోసమూ అలా నిలబడలేదు. తాళ్ళు పేనేవాళ్ళు, తెరచాపలు కుట్టేవాళ్ళు, ముత్యాల కోసం మునిగేవాళ్ళు, ఉప్పు మోసేవాళ్ళు, అందరూ పనులు మానుకుని వచ్చారు. వాళ్ళు ఎన్నుకున్న మనిషి ఇవాళ కోట మెట్లు ఎక్కుతున్నాడు.

ఆ మనిషి పేరు రెమీ వాల్కూర్. పడమటి సముద్రాలకు ఆవల ఉన్న ఫ్రెంచి దేశం అతడిది. రేవులో ఆ దేశాన్ని పరాసు దేశం అంటారు కనుక అతడు పరాసు శెట్టి అయ్యాడు. ఎదురుపడి పలకరించేటప్పుడు మాత్రం అందరూ రేమయ్య శెట్టిగారనే అంటారు. వయసు నలభై రెండు. ఎండకూ ఉప్పుగాలికీ రాగిరంగు తిరిగిన ముఖం, గోధుమరంగు మీసం, తాళ్ళు లాగి కాయలు కాచిన చేతులు. ఆ రోజు అతడు పట్టుబట్టలు కట్టలేదు. రేవులో తన మగ్గాల మీద నేయించిన ముతక తెల్లబట్టతో అంగీ కుట్టించుకుని వచ్చాడు.

ద్రాక్షతోటల ఊళ్ళో పీపాలు చేసే వడ్రంగి కొడుకతడు. ఇరవయ్యో ఏట గాజుసామానుతో ఓడెక్కి బయలుదేరితే, రత్నవేలకు ఆమడ దూరంలో పగడపు గుట్టకు కొట్టుకుని ఓడ బద్దలైంది. రెండు పగళ్ళు ఖాళీ పీపాను కౌగిలించుకుని తేలాడు. గంగులు అనే సరంగు తన పడవలోకి లాగి ప్రాణం నిలిపాడు. చేతిలో చిల్లిగవ్వ లేని ఆ పరాసు కుర్రవాడు రేవులో చిరిగిన తెరచాపలు కుట్టడంతో మొదలుపెట్టాడు. పక్కగాలిని కూడా పట్టే కొత్త తెరచాపను కనిపెట్టాడు. పదేళ్ళు తిరిగేసరికి ఏడు ఓడలకు యజమాని అయ్యాడు.

అతణ్ణి రాజ్యతంత్రంలోకి లాగినది ఒక తుఫాను. ఆ రోజు మహామాత్యుడు ధూమవర్మ రాజుగారి ఓడలకు చోటు చాలదని రేవు నోటికి ఇనుప గొలుసు కట్టించాడు. బయట ముప్పై జాలరి పడవలు కెరటాల మీద ఎగిరిపడుతున్నాయి. రేమయ్య తన ఓడలన్నిటిలో పెద్దదైన ఓడ ఎక్కి, నిండు తెరచాపలతో వెళ్ళి ఆ గొలుసును గుద్దాడు. గొలుసు తెగింది, ఓడ మునిగింది, ముప్పై పడవలూ లోపలికి వచ్చాయి. ఈదుకుంటూ గట్టెక్కిన రేమయ్య చుట్టూ జనం మూగారు. మంత్రిమండలిలో రేవు తరఫున ఒక ఆసనం ఉంది కదా, అందులో మీరే కూర్చోవాలని పట్టుబట్టారు. రెండుసార్లు ఎన్నుకుంటే రెండుసార్లూ ధూమవర్మ ఏదో వంక పెట్టి ఎన్నిక చెల్లదన్నాడు. మూడోసారి రేవులోని పద్దెనిమిది వృత్తుల శ్రేణులూ ఒక్కటై ఔనని చెప్పే తెల్ల గవ్వలే వేశాయి. కుండలో ఒక్క నల్ల గవ్వ కూడా లేకపోయేసరికి ధూమవర్మకు వంక దొరకలేదు.

రేమయ్య సభామండపంలో అడుగుపెట్టాడు. సింహాసనం మీద జయతుంగ మహారాజు కూర్చుని ఉన్నాడు. వెన్ను నిటారుగా ఉంది, కళ్ళలో తేజం ఉంది, కానీ నోట మాట లేదు. ఆరు నెలల కిందట ఒక ఉదయం నిద్ర లేచేసరికి ఆయన గొంతు మాయమైంది. వైద్యులు పెదవి విరిచారు. మకరతీరంలో రాజు స్వయంగా నోటితో పలికితేనే శాసనం. రాజు పలకలేని కాలంలో మహామాత్యుడు ఆయన మనసు గ్రహించి చెప్పవచ్చునని పాత గ్రంథంలో ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ధూమవర్మ ఆరు నెలలుగా రాజ్యమేలుతున్నాడు. ఇంకొక ఏడు రోజులలో సాగరోత్సవం. ఆ రోజు రాజు సముద్రం ముందు నిలబడి తన గొంతుతో ప్రతిజ్ఞ చేయాలి. చేయలేకపోతే కిరీటం మహామాత్యుడికి పోతుంది.

రేమయ్య రాజుకు నమస్కరించి తన ఆసనం దగ్గరకు వెళ్ళాడు. ఇంకా కూర్చోలేదు. ధూమవర్మ లేచాడు. నల్ల పట్టు ఉత్తరీయం నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పరాసు శెట్టీ, రాజ్యతంత్రం తెరచాపల బేరం కాదు. నీకు ఇక్కడ ఏం కావాలి?"

"మహారాజుగారి మాట కావాలి," అన్నాడు రేమయ్య. "ఆరు నెలలుగా ఆయన శాసనాలన్నీ తమ నోటనే విన్నాం. ఒక్కటైనా ఆయన నోట వినిరమ్మని రేవు జనం నన్ను పంపారు."

సభలో గుసగుసలు లేచాయి. ధూమవర్మ నవ్వాడు. అంత కావాలంటే నువ్వే వెళ్ళి ఆ గొంతును వెదికి తెమ్మన్నాడు. సాగరోత్సవం నాటికి తేలేకపోతే ఈ ఆసనం పోతుందని, రేవు జనానికి ఇక ఏనాడూ మంత్రిమండలికి మనిషిని పంపే హక్కు ఉండదని అందరూ వినేలా చెప్పాడు. ఒప్పుకుంటే సరే, లేకపోతే ఇప్పుడే మెట్లు దిగి పొమ్మన్నాడు.

రేమయ్య ఒక్క క్షణం బయటికి చూశాడు. స్తంభాల మధ్య నుంచి రేవు వీధి కనిపిస్తోంది. తలపాగాలు, బుట్టలు, చంకల్లో పిల్లలు, అన్నీ కోటవైపే తిరిగి ఉన్నాయి. ఆ హక్కు పోతే వాళ్ళ తుఫాను గోడు వినేవాడు కోటలో ఇక ఉండడు. అయినా వెనక్కి తగ్గితే ఆ హక్కు ఉన్నా లేనట్టే.

ఒప్పుకున్నానని చెప్పి అతడు ఆసనంలో కూర్చున్నాడు. వేలితో దాని చేతిపట్టెను ఒకసారి తడిమి లేచాడు. జయతుంగ మహారాజు సింహాసనం దిగివచ్చి అతడి భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో చెప్పబోయాడు. ఊపిరి తప్ప మరేమీ రాలేదు.

రేమయ్య ఊరికే ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్ళు ఏడు సముద్రాల వర్తకులతో బేరాలాడినవాడు. ఆగ్నేయంలో మూగకొండ అనే ద్వీపం ఉందని, అక్కడ మౌనకేతుడనే మాంత్రికుడు ప్రతి అమావాస్య మిట్టమధ్యాహ్నం సంత పెడతాడని, ఆ సంతలో దొంగిలించిన గొంతులు అమ్ముడుపోతాయని చందనం వర్తకుడొకడు లోగడ అతడికి చెప్పాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. మహారాజు గొంతు పోయిన తరువాత ఆ కబురు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అమావాస్య ఇంకా రెండు రోజులుంది.

ఆ మధ్యాహ్నమే చిన్న పడవ సిద్ధమైంది. సరంగు గంగులు చుక్కాని దగ్గర కూర్చున్నాడు. ముసలివాడైనా ఆ చేతులలో సత్తువ తగ్గలేదు. పన్నెండు పట్టుతానుల మూటలు పడవలోకి ఎక్కించారు, వర్తకుడు ఉత్త చేతులతో సంతకు పోతే అనుమానం వస్తుందని. ఆఖరి మూట మోసుకొచ్చిన కూలివాడు మూట దించి వెనక్కి పోలేదు. పాతబడిన తలపాగా, ముఖాన మసి, నడుముకు చిన్న కత్తి. రేమయ్య ఆ కూలివాడి కళ్ళలోకి చూసి, తరువాత చేతులు చూశాడు. ఆ అరచేతుల్లో కత్తిపిడి పట్టి కాచిన కాయలున్నాయి గాని మూటలు మోసిన గుర్తులు లేవు.

"యువరాణీ, ఇది మీరు రాదగిన ప్రయాణం కాదమ్మా," అన్నాడు మెల్లగా.

"మీరు సరంగుతో చెప్పింది విన్నాను. సంతలో వెయ్యి గొంతులు ఉంటాయి, శెట్టిగారూ," అంది కాంచనలేఖ. "మా నాన్నగారి గొంతు వాటిలో ఏదో మీరు ఒక్కరే పోల్చుకోగలరా?"

గంగులు అప్పటికే పడవ తాడు విప్పేశాడు.

మొదటి రోజు గాలి చక్కగా వీచింది. రెండో రోజు పొద్దెక్కేసరికి నీళ్ళ రంగు మారింది. నెమలికంఠం రంగులో మెరిసే సముద్రం మధ్య రెండు నల్లని కొండలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒక ఓడ పట్టేంత దారి. చూస్తుండగానే ఆ రెండు కొండలూ కదిలి, ఒకదానికొకటి ఢీకొని, మళ్ళీ విడిపోయాయి. మధ్యలో ఎగురుతున్న కొంగల బారు ఒక్క అరుపైనా లేకుండా నలిగిపోయింది. నావికులు కత్తెర కొండలు అనే చోటు అదే. చుట్టూ తిరిగి పోవాలంటే నాలుగు రోజులు పడుతుంది. అమావాస్య మరునాడే.

గంగులు తెడ్డు ఆపేశాడు. రేమయ్య పడవ ముక్కు దగ్గర నిలబడి కొండలు మూసుకోవడం నాలుగుసార్లు చూశాడు. కొండలు అడుగున గట్టిగా ఆనవు, నీటిమట్టానికి మనిషెత్తు పైన మాత్రమే తాకుతున్నాయి; అక్కడ అడ్డు పెడితే కింద పడవ పట్టేంత సందు మిగులుతుంది. పట్టుమూటలు విప్పమన్నాడు. ముగ్గురూ కలిసి పన్నెండు మూటలనూ తడిపి, మెలిపెట్టి, తాళ్ళతో ఒక్క లావుపాటి దుంగలా బిగించారు. ఎర్రపట్టు, పచ్చపట్టు, నెమలిపింఛాల అంచులు, అన్నీ ఆ దుంగలోకే పోయాయి. కొండలు విడిపోయిన క్షణాన గంగులు పడవను బాణంలా వదిలాడు. నడిదారికి వచ్చేసరికి రెండు గోడలూ ఉరుములా గర్జిస్తూ దగ్గరకు వచ్చాయి. నీడ పడవ మీద పడింది. రేమయ్యా కాంచనలేఖా ఆ దుంగను ఎత్తి అడ్డంగా రాళ్ళ మధ్య పెట్టారు. కొండలు వచ్చి దాన్ని నొక్కాయి. తడిసిన పట్టు మూలిగింది, ఒక తాడు తెగింది, కానీ దుంగ నిలబడింది. దాని కిందుగా పడవ తలవంచుకుని అవతలికి జారుకుంది. వెనక్కి చూస్తే కొండలు నోట్లో ఎర్రపట్టు కరుచుకుని కదలలేక వణుకుతున్నాయి.

మరునాడు ఎండ నెత్తిమీదికి వస్తుండగా మూగకొండ కనిపించింది. ఆ కొండ మీద పక్షి లేదు, ఆకు కదలదు. కెరటం ఒడ్డును తాకినా చప్పుడు రాదు. కొండ కడుపులో తొలిచిన ద్వారం దగ్గర రెండు తలల రాతి రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. అమ్మేవాడివా అని ఒక తల, కొనేవాడివా అని రెండో తల అడిగాయి. వర్తకుణ్ణి, రెండూ చేస్తానని రేమయ్య జవాబిచ్చాడు. అయితే నావాడని ఒక తల, కాదు నావాడని రెండో తల వాదులాటకు దిగాయి. గంగులును పడవ దగ్గర ఉంచి, రేమయ్యా మారువేషంలోని యువరాణీ ఆ రెండు తలల వాదన కింది నుంచి నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

లోపల ఆకాశానికి తెరుచుకున్న పెద్ద గుండ్రని మైదానం. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు కనుక ఎవరికీ నీడ లేదు. వెండి తీగలకు వేలాడుతున్న వేలాది శంఖాలు, గుల్లలు, లక్కతో మూతులు మూసిన చిన్న మట్టి ముంతలు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క గొంతు. గుల్ల చెవికి ఆనిస్తే అది మాట్లాడుతుంది. ఒకచోట కోరలున్న రాక్షసి ఒకతె జోలపాట గొంతును చెవికి పెట్టుకుని కన్నీళ్ళు కారుస్తోంది. ఒకచోట దొంగలు కోట కాపలావాడి గొంతుకోసం బేరమాడుతున్నారు. గొంతులు పోగొట్టుకున్నవాళ్ళు కొందరు గోడవారగా కూర్చుని, తమది ఏ గుల్లలో ఉందో తెలియక ప్రతి గుల్లవైపూ చూస్తున్నారు. రేమయ్య వాళ్ళందరినీ చూశాడు. ముఖాన మాత్రం వర్తకుడి చిరునవ్వు చెదరనివ్వలేదు.

మైదానం నడుమ ఎత్తైన అరుగు మీద మౌనకేతుడు ఉన్నాడు. తాటిచెట్టంత పొడుగు, బూడిదరంగు చర్మం. ముక్కు కింద నోరు ఉండవలసిన చోట నున్నటి తోలు ఉంది. నడుముకు కట్టిన పటకాకు పాతిక గుల్లలు వేలాడుతున్నాయి. మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా ఒక గుల్ల మూత తీస్తాడు. ఆ గుల్లలో ఉన్న గొంతు అతడి మాట పలుకుతుంది.

"ఏం కావాలి, వర్తకుడా?" అంది ఒక పసిపాప గొంతు.

రేమయ్య మహారాజు మాట ఎత్తలేదు. గాయకుల గొంతులు చూపించమన్నాడు. పది విన్నాడు, పదింటికీ వంక పెట్టాడు. ఇది పగిలిందన్నాడు, అది పాతదన్నాడు. ఈ సంత గురించి విన్నది వేరు, ఇక్కడ ఉన్నది వేరు, వచ్చిన దారి దండగ అని వెనక్కి తిరిగాడు. మౌనకేతుడికి రోషం వచ్చింది. ఇంత మాట అన్నవాడికి తన దగ్గరున్న మేలిసరుకు చూపించాలని, అరుగు వెనక నుంచి పాలరంగు శంఖం ఒకటి తెచ్చాడు. ఇది ఒక మహారాజు గొంతు అని, ఇంతకంటే గొప్పది లోకంలో లేదని ఒక ముసలమ్మ గొంతుతో చెప్పాడు.

రేమయ్య దాన్ని చెవికి ఆనించాడు. గంభీరమైన గొంతు. సింహాసనం మీంచి దిగివచ్చినట్టే ఉంది. యువరాణి చేతికి ఇచ్చాడు. ఆమె విని కళ్ళు ఎత్తకుండానే తల అడ్డంగా ఊపింది. రేమయ్యకు ఆ సంగతి అంతకు ముందే తెలిసింది. ఇరవై రెండేళ్ళ కిందట తడిబట్టలతో, ఆకలితో వణుకుతూ తాను సభలో నిలబడినప్పుడు, జయతుంగ మహారాజు తన ఊరూ పేరూ అడగలేదు. కూర్చోండి, ముందు భోజనం చేయండి, తరువాత మాట్లాడుకుందాం అన్నాడు. ఆ గొంతులో దర్పం లేదు. చిన్న జీర ఉంది, దాని కింద ఆదరం ఉంది. ఇందులో అది లేదు.

ఇది ఎవరో వేషగాడి గొంతు, అసలుది ఉంటే చూపించు, లేకపోతే నీ సంతలో నకిలీ సరుకు అమ్ముతున్నావని నాలుగు సముద్రాలలో చాటిస్తానన్నాడు రేమయ్య. మౌనకేతుడి కళ్ళు చిన్నవయ్యాయి. ఈసారి అతడు తన చంకలోంచి పగుళ్ళున్న మామూలు మట్టిముంత ఒకటి తీశాడు. కాంచనలేఖ దాన్ని చెవికి ఆనించింది. ఆమె పెదవులు వణికాయి, వెంటనే పళ్ళతో బిగించుకుంది. రేమయ్యకు అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

"ఈ సరుకు నీకు ఎవరిచ్చారు?" అన్నాడు. "ఎక్కడిదో తెలియని సరుకు నేను ముట్టను. అడిగితే చెప్పాలన్నది మీ సంత ధర్మమే కదా."

మౌనకేతుడు పటకాలోని గుల్లలను వేలితో తడిమాడు. చివరికి ఒక గుల్ల మూత తీశాడు. "మకరతీర మహామాత్యుడు ధూమవర్మ," అంది ఒక గుడ్డి గాయకుడి గొంతు.

కాంచనలేఖ చెయ్యి కత్తిమీదికి పోయింది. రేమయ్య ఆమె ముందుకు అడ్డంగా జరిగి, ధర ఎంతని అడిగాడు. ఓడలు ఇస్తానన్నాడు, మగ్గాలు ఇస్తానన్నాడు. మౌనకేతుడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అతడి నడుము పటకాలో గుల్లలు ఒకదాని తరువాత ఒకటి మూతలు తెరుచుకున్నాయి.

"రేమయ్య శెట్టీ, నిన్ను ఎరుగుదును," అంది ఒక సైనికుడి గొంతు.

"నీ మంత్రిమండలి ఆసనం నాకు ఇవ్వు," అంది పసిపాప గొంతు. "ఇచ్చానని మూడుసార్లు అను. ముంత తీసుకుపో."

ఆ మాట విని రేమయ్యకు ధూమవర్మ కంటే ఈ మాంత్రికుడి ఎత్తు ఎంత పెద్దదో అర్థమైంది. రత్నవేలను సముద్రదేవత కాస్తోంది. మాంత్రికులు ఆ గడప దాటలేరు. మంత్రిమండలిలో ఆసనమున్నవాడికి మాత్రం కోటలో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. ఆసనం ఇచ్చి ముంత తీసుకుపోతే రాజుకు గొంతు వస్తుంది, రాజ్యం పోతుంది.

అతడు నిటారుగా నిలబడ్డాడు. ఇంతసేపూ ముఖాన ఉన్న వర్తకుడి నవ్వు పోయింది.

"ఆ ఆసనం నాది కాదు," అన్నాడు. "అది రేవు జనానిది. వాళ్ళు నన్ను అందులో కూర్చోబెట్టారు, అంతే. పరులది నేను ఏనాడూ అమ్మలేదు, ఇవాళా అమ్మను. నాది ఏదైనా అడుగు."

మాంత్రికుడి కళ్ళు మెరిశాయి. అయితే నీ గొంతు ఇవ్వమన్నాడు. ఆ గొంతుతోనే గదా నువ్వు జనాన్ని కూడగట్టావు, ఆ గొంతుతోనే గదా సభలో ఎదిరించావు అన్నాడు.

మాట్లాడడం కోసం జనం పంపిన మనిషికి గొంతు పోతే ఏం మిగులుతుందని రేమయ్య ఒక్కసారి అనుకున్నాడు. వెంటనే బేరం మొదలుపెట్టాడు. ముంత ముందు తన మనిషి చేతికి రావాలి. దానికి లక్కముద్ర ఆ మనిషి కళ్ళముందే వేయాలి. మూగకొండ నీళ్ళు దాటేదాకా తమ ముగ్గురి మీదా ఈగ వాలకూడదు. మౌనకేతుడు మూడింటికీ ఒప్పుకున్నాడు. ముంత చేతులు మారింది.

రేమయ్య కాంచనలేఖవైపు తిరిగాడు. "అమ్మా, సభలో రేవు జనం మాట చెప్పడానికి నన్ను పంపారు. ఇక ఆ మాట మీరు చెప్పాలి."

ఆమె తల వంచి అతడికి నమస్కరించింది. రాజకుమార్తె ఒక వర్తకుడికి చేయవలసిన నమస్కారం కాదది.

మౌనకేతుడు ఒక కొత్త గుల్లను రేమయ్య గొంతుకు ఆనించి గోటితో గీశాడు. మెడలోంచి పట్టుదారం లాగినట్టు అనిపించింది. నొప్పి లేదు. గోధుమరంగు వెలుగు ఒకటి సుడి తిరుగుతూ గుల్లలోకి పోయింది. రేమయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప మరేమీ రాలేదు. మహారాజు ఆరు నెలలుగా పడుతున్న బాధ ఇదా అనుకున్నాడు.

వాళ్ళు పడవ చేరేసరికి గంగులు సంతోషంతో ఏదో అడిగాడు. రేమయ్య గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ముసలి సరంగు అతడి ముఖం చూశాడు, యువరాణి ఒడిలో ముంత చూశాడు. తన కండువాతో రేమయ్య నుదుటి చెమట తుడిచి, తెడ్డు అందుకున్నాడు.

కత్తెర కొండలు ఇంకా పట్టును కరుచుకునే ఉన్నాయి. పడవ వాటి కిందుగా వచ్చేసింది. అయిదో రోజు ఉదయం, రత్నవేల దీపస్తంభం సూదిమొనలా కనిపించే చోట, అయిదు యుద్ధనౌకలు బారుగా అడ్డం వచ్చాయి. ముందున్న నౌక మీద ధూమవర్మ దళపతి వజ్రకంఠుడు నిలబడి ఉన్నాడు. పరాసు శెట్టి యువరాణిని ఎత్తుకుపోయాడని, అతణ్ణి అప్పగించాలని, లేకపోతే పడవ ముంచుతామని పెద్దగా చెప్పాడు.

కాంచనలేఖ తలపాగా తీసేసింది. జుట్టు గాలికి ఎగిరింది. తన ఇష్టంతో వెళ్ళానని, మహారాజు గొంతు తన ఒడిలో ఉందని, దాన్ని అమ్మినవాడు ధూమవర్మ అని ఆమె నౌకలన్నిటికీ వినపడేలా చెప్పింది. ఇదంతా మాయ, ఈమె యువరాణి కాదని వజ్రకంఠుడు కొట్టిపారేశాడు. విల్లులెత్తమని ఆజ్ఞ ఇచ్చాడు.

నౌకల కింది అంతస్తులో తెడ్లు వేసేవాళ్ళంతా రేవు మనుషులు. వాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూశారు. చిన్న పడవలో ముతక తెల్ల అంగీతో నిలబడ్డ మనిషిని గుర్తుపట్టారు.

అప్పుడే వెనక నుంచి ఆకాశం నల్లబడింది. ఆగ్నేయపు మూల నుంచి పెద్ద నల్లని నౌక ఒకటి వస్తోంది. దానికి తెరచాపలు లేవు, తెడ్లు లేవు, దాని ఒంటినిండా గుల్లలే. మూగకొండ నీళ్ళు దాటాక ఒప్పందపు కట్టు తీరిపోయింది. మౌనకేతుడు దాని ముక్కు మీద నిలబడి నడుము పటకాలోంచి ఒక కొత్త గుల్ల మూత తీశాడు. రేమయ్య గొంతు సముద్రమంతా మోగింది.

"రేవు తమ్ముళ్ళూ, నేను మీ రేమయ్యను. ఆ పడవలో ఉన్నది నా రూపం కట్టిన మాయగాడు. పడవ ముంచండి. తెడ్లు దించి దళపతికి లొంగిపోండి."

అది అచ్చంగా అతడి గొంతే. అతడి పరాసు యాసే. రేమయ్య నోరు తెరిచి కాదని అరిచాడు. చప్పుడు లేదు. అయిదు నౌకలలోనూ తెడ్లు నీటి మీద ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళుగా ఎరిగిన గొంతు ఒకవైపు, నోట మాట లేని మనిషి ఒకవైపు. రేమయ్య చేతులు రెండూ కిందికి వదిలి, ఛాతీ వాళ్ళవైపు తిప్పి, విల్లుల ఎదుట కదలకుండా నిలబడ్డాడు. చేయగలిగింది అంతకంటే ఏమీ లేదు.

నడిమి నౌక కిటికీలోంచి నెరిసిన గడ్డం ఒకటి బయటికి వచ్చింది. గొలుసు తెగిన తుఫానులో బతికి బయటపడ్డ ముప్పై పడవల్లో ఒకదాని సరంగు అతడు.

"గొంతు శెట్టిగారిదే," అన్నాడు అతడు తనవాళ్ళతో. "మాట మాత్రం ఆయనది కాదురా. ఆయన మనల్ని లొంగిపొమ్మని ఏనాడు చెప్పాడు?"

ఆ ముసలివాడి తెడ్డు నీటిలోంచి లేచి ఆకాశంవైపు నిలిచింది. రేవులో ఒక మనిషికి చేసే అన్నిటికంటే పెద్ద గౌరవం అది. పక్కవాడి తెడ్డు లేచింది. ఆ పక్కది లేచింది. అయిదు నౌకల నుంచీ మూడు వందల తెడ్లు ఉదయపు ఎండలో నీళ్ళు కారుస్తూ అడవిలా నిలబడ్డాయి. వజ్రకంఠుడు కత్తి దూసి కింది అంతస్తుకు అరుస్తూనే ఉన్నాడు. విలుకాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని విల్లులు దించారు.

గంగులు కళ్ళు తుడుచుకోలేదు. కాంచనలేఖ మట్టిముంతను ఛాతీకి కట్టుకుని కత్తి దూసింది. నల్లనౌక మీద వెయ్యి గుల్లల మూతలు ఒకేసారి తెరుచుకున్నాయి. ఏడుపులు, కేకలు, యుద్ధనినాదాలు, పాటలు అన్నీ కలిసి కెరటాలను కొండలంత ఎత్తుకు లేపాయి.

ఆ కెరటాలు రేవును చేరితే జనం మిగలరు. రేమయ్య చుక్కాని తన చేతిలోకి తీసుకున్నాడు. రత్నవేలవైపు ఉన్న పడవ ముక్కును పూర్తిగా వెనక్కి తిప్పి, నల్లనౌకకు ఎదురుగా పెట్టాడు. కుడిచెయ్యి ఒక్కసారి పైకెత్తి ముందుకు చూపించాడు. మూడు వందల తెడ్లు ఒక్క దెబ్బగా నీటిలో పడ్డాయి. అయిదు యుద్ధనౌకలూ బారు తిరిగి ఆ చిన్న పడవ వెనక నిలిచాయి.